పళ్ళు కట్టే ముందు మాట వినేవారు

మా చోడవరం పళ్ళ డాక్టరు గారు పోయారు. మంగళవారం పొద్దున్నే ఆయన క్లినిక్ పక్కన మందుల షాపతను ఫోన్ చేసి, "అక్కా, డాక్టరు గారు నిద్దట్లోనే ఎల్లిపోయేరు. అమ్మకి మెల్లిగా సెప్పు," అన్నాడు. నేను మెషీన్ మీద జాకెట్టు కుడుతున్నాను. చెయ్యి సగం కుట్టింది కుట్టినట్టే వదిలేసి లేచాను. నాకు ఏడుపు త్వరగా రాదు. ఆ రోజు వచ్చింది.

పళ్ళ డాక్టరు పోతే ఇంత ఏడుపేమిటని మీరు అనుకోవచ్చు. రెండేళ్ళు మాటామంతీ లేకుండా గోడకు ఆనుకుని కూర్చున్న మా అమ్మ, ఆయన చలవ వల్లే మళ్ళీ మాట్లాడింది. ఆ సంగతి చెప్పకపోతే నాకు పుట్టగతులుండవు.

పెళ్ళి పిలుపులకు మా వీధిలో అమ్మ పెట్టింది పేరు. ఎవరింట్లో శుభకార్యమైనా ఆవిణ్ణే ముందు పెట్టుకునేవారు. గడపలో నిలబడి, బొట్టు పెట్టి ఆవిడ పిలిస్తే పాత కోపాలున్నవాళ్ళు కూడా వచ్చేవారు. అలాంటి మనిషికి పళ్ళన్నీ పోయాయి. తొందరపడి ఎక్కడో పళ్ళు కట్టించాం. ఆ తొందర నాదే. ఆ సెట్టు అంగిలి మీద దిమ్మలా ఉండేది. మాట్లాడితే టకటకమనేది, 'స' అన్నప్పుడల్లా ఈల వచ్చేది. చుట్టాల్లో ఒకావిడ పదిమందిలో నవ్వింది. అంతే, అమ్మ సెట్టు తీసి బియ్యం డబ్బాలో పడేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అందరూ తిన్నాక ఒక్కతీ కూర్చుని పులుసన్నం పిసుక్కుని మింగేది.

అంతలో మా అమ్మాయికి సంబంధం కుదిరింది. "పిలుపులకి ఇంకెవల్నైనా తీసుకెల్లే, నేను రాను," అంది అమ్మ. మనవరాలి పెళ్ళికి అమ్మమ్మ పిలవకపోతే ఎలా? చెయ్యి పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి లాక్కెళ్ళాను.

ఆయన వెంటనే నోరు చూడలేదు. వడ్డాది సంతలో వంకాయలు ఎలా అమ్ముతున్నారని, ఈ ఏడు చెరకు ఎలా ఉందని అమ్మను అడుగుతూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది. నా కుట్టు షాపు మూసి వచ్చాను మరి. "ముందు కొలత తీసుకోండి డాక్టరు గారూ," అన్నాను.

"జాకెట్టుకి కొలత తీసే ముందు నువ్వు మనిషిని సూడవా అమ్మా? నేను మాట వింటాను. ఏ మాటకి పెదవి ఎలా కదుల్తాదో తెలీకుండా పల్లు ఎక్కడ నిలబెట్టేది?" అన్నారు.

పాత ఫొటో తెమ్మన్నారు. అందులో అమ్మ ముందుపన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉంటుంది. ఆయన సెట్టులోనూ దాన్ని అలాగే ఎక్కించారు. వరసగా పెట్టమని పోట్లాడాను. "వరసగా పెడితే అవి షాపు పల్లమ్మా, మీ అమ్మ పల్లు కావు," అన్నారు.

సెట్టు గట్టి చేసే ముందు మైనంలో పళ్ళు అమర్చి, నోట్లో పెట్టి చూస్తారు. అక్కడ ఆయన పద్ధతి ఒకటుంది. ఎవరు రోజూ ఏ మాట చెప్పి బతుకుతారో ఆ మాటే చెప్పించేవారు. కండక్టరయితే ఊళ్ళ పేర్లు అరవాలి. అమ్మను క్లినిక్ గుమ్మంలో నిలబెట్టి, తను లోపల నిలబడి, "నన్ను పెళ్ళికి పిలవమ్మా," అన్నారు. బల్ల మీద పేషెంట్లంతా చూస్తున్నారు. అమ్మ కొంగు తియ్యలేదు. ఆయనా కదల్లేదు. చివరికి, "మా మనవరాలి పెళ్ళి బాబూ, సకుటుంబంగా రావాల," అంది. ఈల వచ్చింది. ఆయన మైనం వేడి చేసి ముందు పళ్ళు కాస్త జరిపి, మళ్ళీ పిలిపించారు. నాలుగోసారికి ఈల లేదు. కొంగు ఎప్పుడు జారిందో అమ్మకే తెలీదు. "తప్పకుండా వస్తామమ్మా," అన్నారు. వచ్చారు కూడా.

పెళ్ళయిన కొన్నాళ్ళకు సెట్టు గుచ్చుకుంటోందని అమ్మ గోల. "నొప్పి ఓర్సుకోకండి, నాకు సూపించండి," అనేది ఆయన అందరికీ చెప్పే మాట. తీసి చూశారు. అంగిలిని కప్పే రేకు మధ్యలో కాలిన మచ్చ, చుట్టూ వంకర.

"ఏటమ్మా ఇది?"

"ఏడి టీ తాగేను బాబూ."

ఆయన వాసన చూశారు. "టీకి పొగాకు వాసనొస్తాదేటి?"

మా వైపు ఆడవాళ్ళ అడ్డపొగ మీకు తెలియకపోవచ్చు. చుట్ట వెలిగించి, ఆ నిప్పు కొసనే నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అమ్మకు చిన్నప్పటి నుంచీ అలవాటు. తల వంచుకుని, "పైన రేకుంది గదా బాబూ, ఇంక అంగిలి కాలదనుకున్నాను," అంది. నేను అరవబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. రేకు ఒక చేతిలో, అద్దం ఒక చేతిలో పెట్టి, "ఇన్నేల్లూ నీ అంగిలీ ఇలాగే కాలింది తల్లీ. పాపం, అది సెప్పుకోలేదు," అన్నారు. అంగిలి మీద తెల్లమచ్చ చూపించి, విశాఖ పంపి పరీక్ష చేయించారు. భయం లేదన్నాక గానీ కొత్త సెట్టు మొదలుపెట్టలేదు. అమ్మ చుట్టల కట్ట తెచ్చి ఆయన బల్ల మీద పెట్టేసింది. ఆ తర్వాత నెల్లాళ్ళు మమ్మల్ని బతకనివ్వలేదు, అది వేరే సంగతి.

మంగళవారం అమ్మను ఆటో ఎక్కించుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో పడుకోబెట్టారు. నేను గుర్తుపట్టలేకపోయాను. బుగ్గలు లోపలికి పోయి, పెదవులు ముడుచుకుపోయి ఉన్నాయి. నలుగురూ చూడకుండా వాళ్ళావిడ టవలు ఆయన గడ్డం మీదికి లాగుతోంది. అప్పుడు తెలిసింది మాకు, ఆయనవీ కట్టుడు పళ్ళేనని. పడుకునే ముందు తీసి నీళ్ళలో పెట్టుకోమని మాకు చెప్పినట్టే, తనూ తీసి పెట్టుకుని పడుకున్నారు.

అమ్మ ఆవిడ పక్కన కూర్చుని, "ఆ సెట్టేదమ్మా?" అంది.

"పోయినోడికి పల్లెందుకమ్మా?" అన్నాడు అక్కడున్న పెద్దాయన.

"ఊల్లో ఎందరికో మొకం నిలబెట్టినోడు బాబూ," అంది అమ్మ, వరండా అంతా వినపడేలా. "ఆయన్నిలాగ పంపీకండి."

వాళ్ళావిడ లేచి లోపలికి వెళ్ళి, సెట్టు నానుతున్న నీళ్ళ గిన్నె తెచ్చింది. పోయి ఎంతోసేపు కాలేదేమో, దవడ ఇంకా బిగుసుకోలేదు. ఆవిడే తన చేత్తో పెట్టింది. బుగ్గలు నిండి మా డాక్టరు గారు కనిపించారు. ఆవిడ టవలు తీసి మడత పెట్టింది.

జనం ఒక్కొక్కరే మెట్లెక్కి వస్తున్నారు. అమ్మ ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని ఆయన తల దగ్గర నిలబడింది. అందులో నీళ్ళు ఇంకా కదులుతున్నాయి.