పడవ పాటలో చీర రంగు

ఈ ఉదయం ఆఫీసు బల్ల మీద ఇంకో కవరు కనిపించింది. చింపగానే గంజి వాసన, దాని వెనక సన్నగా కలరా ఉండల వాసన. లోపల నాలుగు మడతల జాకెట్టు గుడ్డ, ఆకుపచ్చది. దానికి గుచ్చిన కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు: "పడవ పాటలో చీర రంగు ఇది. మా అమ్మ అప్పట్లో కొని దాచుకున్న మ్యాచింగ్ గుడ్డ. మీ హెచ్‌డీ డిస్కులో చీర నీలంగా ఎందుకుంది?" రెండేళ్లలో ఇది నాలుగో గుడ్డ. మొదటిది వచ్చినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు మండదు. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంటాను. రాంగోపాల్‌పేట్ సందులో మధ్యాహ్నం మూడు గంటల ఎండ, గుడ్డ చింపుతున్న చప్పుడు, జహీరా ఆపా గొంతు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

పాత సినిమాల నెగటివ్‌లు శుభ్రం చేసి, ఇళ్లలో చూసుకునే డిస్కులుగా తయారుచేసే చిన్న స్టూడియోలో నేను పని చేస్తాను. రంగులు సరిచూడటం నా బాధ్యత. ఈ సినిమా పేరు చెప్పను. చెబితే మీలో సగం మంది ఇక్కడే చదవడం ఆపి పాట అందుకుంటారు. అందులో ఒక పడవ పాట ఉంది. ఆ పాటలో నాయిక కట్టిన చీర కోసం నలభై ఏళ్ల కిందట సికింద్రాబాద్ ఆడవాళ్లు వెర్రెత్తిపోయారు. అంతవరకు తెలిస్తే చాలు. ఆ సినిమా మొదట ఆడిన సికింద్రాబాద్ థియేటర్‌కే మళ్లీ వచ్చినప్పుడు నేను ఆరేళ్ల పిల్లను. అమ్మ ఒళ్లో కూర్చుని చూశాను. పొగమంచు, తెడ్డు మునిగే చప్పుడు, నీళ్లను తాకీ తాకకుండా సాగే ఆకుపచ్చ కొంగు. చాలా ఏళ్లు నాకు కలలు కూడా ఆ ఆకుపచ్చలోనే వచ్చేవి.

మ్యాచింగ్ సెంటర్ అంటే ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. మగవాళ్ల కోసం చెబుతున్నాను: చీర పట్టుకెళితే దానికి సరిపోయే రంగులో జాకెట్టు గుడ్డ ఇచ్చే దుకాణం. జహీరా ఆపాది అలాంటిది, రాంగోపాల్‌పేట్‌లో, రెండు మంచాలు పట్టేంత కొట్టు. మూడు గోడలకూ నేల నుంచి కప్పు దాకా రూబియా అనే జాకెట్టు గుడ్డ తాన్లు. భర్త పోయిన తర్వాత చుట్టాలంతా అమ్మేయమన్నా వినకుండా, ఆమె కత్తెర పట్టుకుని ఆయన గద్దె మీద కూర్చుంది. నేను డిగ్రీ తప్పి, ఇంట్లో అందరి మీదా అలిగి తిరుగుతున్న రోజుల్లో అక్కడ పనికి కుదిరాను. ఆరు నెలలనుకున్నది ఆరేళ్లయింది.

చేరిన వారంలోనే తప్పు చేశాను. ఒకావిడ ఉల్లిపొర రంగు పట్టుచీర తెస్తే ట్యూబులైటు కింద చూసి, ఇదిగో అచ్చం ఇదే అని మీటరు కోసిచ్చాను. మర్నాడు ఆవిడ ధుమధుమలాడుతూ వచ్చింది. ఆపా నన్ను ఏమీ అనలేదు.

"ఏ లైటుల చూసినవ్?" అని మాత్రం అడిగింది.

"ఇక్కడనే ఆపా, గీ లైటు కింద."

"గీ లైటు దుకాణంది బిడ్డా. ఎండ అందరిది. గడప దాటి చూడు."

బయటికి తీసుకెళ్లి రెంటినీ పక్కపక్కన పట్టుకున్నాను. ఒకదానికొకటి ముఖపరిచయం కూడా లేనట్టున్నాయి. ఆపా ఇంకో తాను తీసి, గడప మీద నిలబడి ఒకసారి చూసి, చిన్న గంటు పెట్టి చర్రున చింపి ఆవిడ చేతిలో పెట్టింది. "తప్పు దుకాణంది అమ్మా, నారాజ్ గాకండి" అంది. ఆవిడ కోపం అక్కడే చల్లారింది.

ఆపా కన్ను తప్పదని పేరు. అల్వాల్ నుంచి, తిరుమలగిరి నుంచి పెళ్లివాళ్లు రెండేసి బస్సులు మారి వచ్చేవాళ్లు. ఆ పేరు పుట్టింది పడవ పాట చీరతోనే. నేను పనిలో చేరేటప్పటికే అదొక కథలా చెప్పుకునేవారు. సినిమా వచ్చిన మొదటి వారంలో ఆపా తన రంగు ముక్కలన్నీ కొంగున ముడేసుకుని మ్యాట్నీకి వెళ్లిందట. చీకట్లో ముక్కలు కనపడలేదు. పాట అయ్యేదాకా రెప్ప వేయకుండా చూసి, ఆ రంగును కంట్లో పెట్టుకుని, సగం ఆటలో బయటికి వచ్చి, ఎండలో నిలబడి ముక్క ఏరిందట. మర్నాడు దుకాణం ముందు ఆకుపచ్చ తాను వేలాడదీసింది. పది రోజుల్లో చీరల కొట్లవాళ్లు ఆ ముక్క పట్టుకుని చీరలే అద్దించారు. మా అమ్మ జాకెట్టు కూడా ఆపా చేతి ముక్కే.

"గుడ్డలల్ల ఎన్నేండ్లు కూసుంటవ్? కంప్యూటర్ల మీద సుత రంగులు చేస్తున్నరంట. పోయి నేర్చుకో" అని ఆపానే నన్ను వెళ్లగొట్టింది. వెళ్లాను, నేర్చుకున్నాను. చుట్టూ బూడిద రంగు గోడల గదిలో కూర్చుని పద్నాలుగేళ్లుగా ఇతరుల జ్ఞాపకాలకు రంగులు సరిచేస్తున్నాను. అంతలో ఈ సినిమా నెగటివ్ నా చేతికొచ్చింది. ఆ రోజు నా ఆనందం ఇంతా అంతా కాదు.

పాట తెర మీదికి రాగానే చిక్కు మొదలైంది. నాయిక ముఖం మనిషి ముఖంలా ఉండేట్టు సరిచేస్తే చీర నీలమవుతోంది. చీరను ఆకుపచ్చ చేస్తే ముఖానికి కామెర్లు వచ్చినట్టవుతోంది. కెమెరా పట్టిన ఆయన లేరు, దర్శకుడు లేరు, అడగడానికి ఎవరూ లేరు. నా కల ఒకటి చెబుతోంది, నెగటివ్ ఒకటి చెబుతోంది. నాలుగు రోజులు తన్నుకులాడి నెగటివ్ మాటే విన్నాను. డిస్కు నీలం చీరతో బయటికి వెళ్లింది.

ఆ తర్వాత జరిగిన రభస ఫోనున్న ప్రతివాళ్లూ చూశారు. నీలం పార్టీ, ఆకుపచ్చ పార్టీ. నీలం వాళ్లు, మీ టీవీ సెట్టింగులు చూసుకోండి అన్నారు. ఆకుపచ్చ వాళ్లు, మా బాల్యాన్ని చాకిరేవు పెట్టారన్నారు. ఒకాయన పాటలో ప్రతి దృశ్యాన్నీ ఫొటో తీసి పక్కన తన భార్య చీర పెట్టి చూపించాడు. మారేడ్‌పల్లి నుంచి ఒకావిడ ఏకంగా జాకెట్టు గుడ్డే పంపింది. మొదట ఒళ్లు మండింది, దాని అంచున ఆపా పెట్టే గంటు చూశాక నా మీద నాకే అనుమానం వచ్చింది. ఆపా కోసిన గుడ్డ అబద్ధమాడుతుందా?

సినిమా హక్కులున్న కుటుంబంలో చిన్నవాడు శ్రీకాంత్. మర్యాదస్తుడే. మా స్టూడియోకు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడమ్, పబ్లిక్ గ్రీన్ అంటున్నరు. గ్రీన్ చేసేద్దాం. సెకండ్ ఎడిషన్‌తో పాటు ఒక కార్డు పెడదాం, రంగులు చూసిన మేడమ్ మిస్టేక్ చేసిన్రు, సారీ అని. మీ పేరు తప్పదు మరి."

"మిస్టేక్ కాకపోతే?"

"ప్రూఫ్ చూపెట్టండి. మండే దాకా టైముంది."

ఆ కార్డు అచ్చయితే ఈ పనిలో ఇంక నన్ను నమ్మి ఒక్క సినిమా ఎవరూ ఇవ్వరు. అంతకన్నా భయం వేరే ఉంది. నా కన్నే తప్పయితే ఇన్నేళ్లూ నేను చేసిందేమిటి?

అప్పటికి ఆపా దుకాణం మూసేసి అల్వాల్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. డెబ్బై అయిదు దాటాయి. శనివారం పొద్దున ఆ గుడ్డ పట్టుకుని వెళ్లాను. ఆపా అంచు తడిమి, "గిది నా గంటే" అని నవ్వింది. విషయమంతా చెప్పి, "చీర రంగు గిదే కద ఆపా?" అని అడిగాను. అవునంటుందని, నా తప్పు ఖాయమవుతుందని అనుకునే అడిగాను. ఆపా గుడ్డను ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చెల్లెలు తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది.

"నీలమే బిడ్డా" అంది చివరికి.

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"గా థియేటర్ల లైటు పసుపుది. గప్పుడు నాకు తెల్వదు. తర్వాత తిరుమలగిరిల మిలిటరోళ్ల హాల్ల అదే సినిమా మళ్ల చూసిన. ఆడ చీర నీలం. గుండెల రాయి పడ్డది. తెరను బయటికి తీసుకపోయి ఎండల చూడలేం కద? నేను ఎండనే నమ్ముకున్న, గది నన్ను తప్పు తోవ పట్టిచ్చింది. అప్పటికే సికింద్రాబాదంత ఆకుపచ్చ జాకెట్లేసుకున్నది. ఎవలకని చెప్పాలె? చుప్‌చాప్ ఊకున్న."

"దానికేముంది ఆపా, ఎవరికి నష్టం?"

"ఒకామెకు అయింది." ఆపా కొంగుతో పెదవులు తుడుచుకుంది. "నేను తిరుమలగిరిల చూడకముందు, ఒక కొత్త పెళ్లికూతురొచ్చింది. వాళ్లాయన మద్రాసుకెళ్లి తెచ్చిండంట, సినిమా చీర, నీలంది. మస్తు ఖుషీగ తెచ్చింది. నేను అందరి ముందట చెప్పిన, ఇది సినిమా చీర గాదు, మీ ఆయన మోసపోయిండని. అందరు నవ్విన్రు. గామె చీర మడతపెట్టుకుని పోయింది. మళ్ల రాలేదు. ఎక్కడుంటదో తెల్వదు. గామె మొకం నాకు ఇంక యాదికున్నది."

ఆరేళ్లు పక్కన కూర్చున్నాను, ఈ ముక్క ఎన్నడూ చెప్పలేదు. నాకు ఆపా మీద కోపం రాలేదు. జాలి కూడా కాదు. చిన్నప్పటి నుంచీ నేను కలలు కన్న ఆకుపచ్చ అంతా ఒక పసుపు దీపం చేసిన పని అని తెలిసి, కాళ్ల కింద పడవ కదిలినట్టయింది.

"సోమవారం నేనొస్త. ఆ బాబుకు నేను చెప్త" అంది ఆపా.

"వద్దాపా. ఆపా కన్ను తప్పదని ఇప్పటికి సుత చెప్పుకుంటరు. మీ పేరు పోతది."

"నా పేరు దాచుకునుడుకు నీ పేరు పోవాల్నా? పిచ్చిదానా, చాయ్ తాగు."

సోమవారం ఆపా వచ్చింది. గది బయట చెప్పులు విడిచి, బురఖా మడిచి పక్కన పెట్టి, శ్రీకాంత్ ఎదురుగా కూర్చుంది. నాకు చెప్పినదంతా ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది, కొత్త పెళ్లికూతురి సంగతితో సహా. అతను ఫోను పక్కన పెట్టి విన్నాడు. తర్వాత ఆపా నా వైపు తిరిగి, "జెర పాట ఎయ్" అంది.

వేశాను. పొగమంచులోంచి పడవ వచ్చింది. ఆపా ముఖం మీద నీలం వెలుగు పాకింది. పాట అయ్యేదాకా ఎవరమూ కదల్లేదు. మధ్యలో ఆమె పెదవులు పాటతో కలిసి కదలడం చూశాను. బయట సికింద్రాబాద్ ఉందో లేదో ఆ నాలుగు నిమిషాలూ నాకు గుర్తు లేదు.

"చీర ఇదే. తిరుమలగిరిల చూసింది గిదే" అంది ఆపా. నేను ఊపిరి పీల్చుకునే లోపలే, "గని పడవ నడిపేటోని పంచె గట్లెందుకున్నది? నీలిమందుల ముంచి తీసినట్లున్నది" అంది.

చూశాను. నిజమే. నా కన్ను పాత కలవైపు, ఆకుపచ్చవైపు లాగుతుందేమోనని భయపడి, తెలియకుండానే పాటనంతా నేనే ఒక పిసరు నీలంవైపు నెట్టాను. ఎవరూ పట్టుకోలేదు, నేను కూడా. పంచె మాట శ్రీకాంత్ పట్టించుకోలేదు; నేను చెప్పకపోతే అతనికి ఎప్పటికీ తెలియదు. అతను అప్పటికే, "ఓకే మేడమ్, మీరే కరెక్ట్" అంటున్నాడు.

"పూర్తిగా కాదండి" అన్నాను. "చీర నీలమే, కానీ ఇంత నీలం కాదు. జనం అన్నదాంట్లో కొంత నిజముంది. ఆ తప్పు నాది." ఆపా నన్ను మెచ్చుకోలేదు, కనీసం నా వైపు చూడలేదు. బురఖా అందుకుంది.

అల్వాల్‌లో దింపడానికి నా కారులోనే తీసుకెళ్లాను. దారిలో, "సిగ్గనిపించలేదా ఆపా?" అని అడిగాను.

"అనిపించింది. గది ఇయ్యాల ఒక్కపూట. ఇంతకుముందు నలభై ఏండ్లు అనిపించింది" అని కారు అద్దం దించింది. "గా కార్డు మీద నాది సుత ఒక మాట ఏస్తరా?"

రెండో విడత డిస్కుతో పాటు వెళ్లిన కార్డు మీద ఏది ఎక్కడ ఎంత తప్పిందో నేనే రాశాను, నా పేరుతో. కింద, ఆపా చెప్పింది చెప్పినట్టు, ఇంకో రెండు వాక్యాలు: "మద్రాసు నుంచి మీ ఆయన తెచ్చిన నీలం చీరతో రాంగోపాల్‌పేట్ మ్యాచింగ్ సెంటర్‌కు వచ్చిన అమ్మా, మీ చీర అసలుదే. మీ ఆయన మోసపోలేదు." దాని పక్కన స్టూడియో ఫోను నంబరు. శ్రీకాంత్, ఇదంతా ఎందుకు మేడమ్ అన్నాడు గానీ అచ్చు వేయించాడు.

ఆ పెళ్లికూతురి తరఫున ఎవరూ ఫోను చేయలేదు. నీలం పార్టీకీ ఆకుపచ్చ పార్టీకీ కొత్త రంగు కూడా నచ్చలేదు, అది వేరే సంగతి. ఆపా మాత్రం వారానికోసారి ఫోను చేసి, "ఎవలన్న మాట్లాడిన్రా?" అని అడిగేది. లేదాపా అనేదాన్ని. కిందటి వానాకాలం, ఆస్పత్రికి వెళ్లే ముందు రోజు, నన్ను పిలిపించి మీటరు నీలం రూబియా నా చేతిలో పెట్టింది. ఆ చీరకు ఇవ్వాల్సిన జాకెట్టు గుడ్డ. చెల్లెలిని వెంటబెట్టుకుని, ఆ ఓపిక లేని ఒంటితో, మూడు దుకాణాలు తిరిగి ఏరిందట. "గామె వస్తే ఇయ్యి. రాకపోతే నువ్వు కుట్టిచ్చుకోకు" అంది. నవ్వాను, ఏడ్చాను, తీసుకున్నాను.

ఇప్పుడు ఆపా లేదు. ఆ నీలం గుడ్డ నా సంచిలోనే ఉంటుంది. తెలియని నంబరు నుంచి ఫోను వచ్చి, అవతల పెద్దావిడ గొంతు వినపడితే, చేతిలో ఎంత పనున్నా ఆపేసి లేచి నిలబడతాను. ఇంతవరకు అన్నీ రంగు గురించి తిట్లే. అన్నీ చివరిదాకా వింటాను. విన్నాక, "మీ దగ్గర మద్రాసు చీర ఏమైనా ఉందా అమ్మా?" అని అడుగుతాను.