దయ్యం ఇప్పించిన భరణం

చేజేతులా వదులుకున్న భరణాన్ని దయ్యం పుణ్యమా అని తిరిగి దక్కించుకున్న మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఆ ఘనురాలిని నేనే. కాస్త ధైర్యం చిక్కబట్టుకుని వినండి.

విడిపోదామని తేల్చుకున్నాక, లాయరును కలుద్దామని మా ఆయన ప్రకాష్ అన్నాడు. నాకు పౌరుషం పొంగుకొచ్చింది.

"మీ భరణం నాకొద్దు. ఊరిగాం ఇల్లు ఇచ్చేయండి, చాలు."

"యోచన చేసి చెప్పు, సుమతీ."

"చేసేసినాను!"

స్టాంపు కాగితం తెచ్చి, ఇల్లు నాకు, భరణం వద్దు అని నేనే రాశాను. యుద్ధం గెలిచిన చక్రవర్తి కూడా అంత ఠీవిగా సంతకం పెట్టి ఉండడు. ఆయనా ఒక సంతకం గీకి బెంగళూరు వెళ్ళిపోయాడు. అత్తగారు అప్పటికే క్యాసంబళ్ళిలో కూతురింట్లో ఉన్నారు.

ఇక నేనూ, ఆ ఇల్లూ. వెనక మూతపడ్డ బంగారు గని మట్టి దిబ్బలు బూడిదరంగులో పడుకుని ఉంటాయి. గాలి వీస్తే కిటికీలు ఏడుస్తాయి. నేల కింద ఎవరూ నడవని సొరంగాలు.

ఒక మధ్యాహ్నం ట్యూషన్లు చెప్పి వచ్చేసరికి వంటింట్లో కాఫీ గ్లాసు ఉంది. ముట్టుకుంటే వెచ్చగా! నేను కాఫీ తాగను. మర్నాడు వెనక సామాన్ల గదిలోంచి సన్నటి మూలుగు. తలుపు తోశాను. లోపలినుంచి గడియ! మనిషి లేని గదికి లోపలి గడియ ఎవరు పెట్టారు?

పక్కింటి మేరీ అక్క గొంతు తగ్గించి చెప్పింది: "గనిలో పోయినోళ్ళు పైకొస్తారమ్మా. కాఫీ అడిగితే ఇచ్చెయ్. ఎదురు మాట్లాడొద్దు."

ఇచ్చాను. రోజూ ఆ తలుపు ముందు గ్లాసు పెట్టి పరుగెత్తేదాన్ని. తిరిగొచ్చేసరికి గ్లాసు కడిగి బోర్లించి ఉండేది. ఇంత శుభ్రమైన దయ్యం మన దేశంలో మరొకటి ఉండదు!

చివరికి ఒకరోజు పరుగెత్తకుండా నిలబడి అడిగాను: "చక్కెర... సరిపోయిందా అప్పా?"

లోపలినుంచి గొంతు: "కొంచెం ఎక్కువయింది."

పారిపోదామని వెనక్కి తిరిగాను. గడియ కిర్రుమంది. తలుపు తెరుచుకుంది.

అత్తగారు!

"కూతురింట్లో ఎన్నాళ్ళుండేదమ్మా? ఇల్లు నీకిచ్చేసినానని వాడు చెప్పినాడు. ఉండనిస్తావో లేదోనని, ఎనక వాకిలి తాళంచెవి ఉంటే దొంగ మాదిరి వచ్చినాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "వాడు నీకు నెలనెలా ఏమిస్తా ఉండాడు?"

"ఏమీ లేదత్తా. వద్దని రాసిచ్చినాను."

"నాకంటే పెద్ద దయ్యం పట్టింది నిన్ను!" అని నుదురు కొట్టుకుని, మర్నాడే లాయరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

లాయరమ్మ చదివి నిట్టూర్చింది. "ఈ కాగితంతోనే ఇల్లు మీది కాదమ్మా, రిజిస్టరు చేయించల్ల. భరణం వద్దని జడ్జి ముందర కూడా ఒప్పుకొనుంటే, ఇంగ మళ్ళీ అడిగేది శానా కష్టం. కేసు వేయకముందే వచ్చినారు, బతికిపోయినారు."

ప్రకాష్‌ని పిలిపించారు. కన్నతల్లి ఎదురుగా కూర్చుని చూస్తుంటే కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాడు. నాకు భరణం, నా పేరున ఇల్లు, అందులో అత్తగారికి బతికినన్నాళ్ళూ ఉండే హక్కు.

కోర్టులో జడ్జిగారు అడిగారు: "ఇష్టపడే విడిపోతున్నారా?"

"అవును సార్."

"మరి ఈ పెద్దామె మీ చెయ్యి వదలదేం?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు చెప్పేసింది: "విడాకులు వానికి సార్. నాకు కాదు."

ఆ కోర్టు మెట్ల మీదే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంకెన్ని విడాకులు తీసుకోవలసి వచ్చినా సరే, పౌరుషం పొంగినప్పుడు మాత్రం కలం ముట్టను!