కొత్తలకు ముందొచ్చిన అతిథి

బూర్గంపాడు నుంచి పినపాక పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట, నైజాం కాలపు ముసాఫిర్ బంగ్లా ఒకటి ఉండేది. అది ఏ ఘనకార్యం కోసం వెలసిందో ఎవరికీ సరిగా తెలియదు. పులివేటకు వచ్చే ఒక పెద్ద ఉద్యోగి బస కోసం కట్టారని కొందరంటారు. ఆయన వచ్చాడు గాని పులి రాలేదని ఇంకొందరంటారు. బంగ్లా మాత్రం మిగిలింది. ఎత్తైన అరుగు, కాళ్ళు బార్లా చాపుకోవడానికి చేతులు పొడుగ్గా సాగిన పడక కుర్చీ, లాగే మనిషి లేక ఊరికే వేలాడే గుడ్డ పంకా, ఎండాకాలం చల్లగానూ వానాకాలం మరీ చల్లగానూ ఉండే గదులు. ఈ రెండో చల్లదనం పెంకుల సందుల్లోంచి నేరుగా మంచం మీదికే దిగేది.

ఈ సంస్థానానికి ఖాన్సామా సీతయ్య. ఖాన్సామా అంటే వంటవాడు, కాపలావాడు, నీళ్ళు తోడేవాడు, లాంతరు తుడిచేవాడు, వచ్చిన పెద్దలు వేటకథలు చెబుతుంటే 'అవ్ దొరా' అనేవాడు. సర్కారు హుకుంనామాలో పేరు లేని ఇంకో మనిషి ఉండేది. ఆమె సీతయ్య భార్య ముత్తక్క. అసలు వంట ఆమెది. తెల్లవారకముందే పొయ్యి రాజేసేది ఆమె, పళ్ళెం పట్టుకొచ్చేది సీతయ్య. తిన్నవాళ్ళు "సీతయ్యా, నీ చేతిలో అమృతముందోయ్" అనేవారు. సీతయ్య "అవ్ దొరా" అనేవాడు. వంటింటి తలుపు వెనక ముత్తక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. ముప్పై ఏళ్ళ పాటు సర్కారుకు ఈ ఏర్పాటులో లోపమేదీ కనిపించలేదు.

ఎనభై అయిదో సంవత్సరం కార్తీకంలో ముత్తక్కకు జ్వరం వచ్చింది. బూర్గంపాడు దవాఖానాకు బండి కట్టారు. బండి దవాఖానాకు చేరింది. ముత్తక్క చేరలేదు.

సీతయ్య ఏడవలేదు. వాళ్ళ కోయగూడెంలో ఇది పెద్ద చర్చ అయింది. ముత్తక్క చెల్లెలు జంపక్క ఏ చర్చనూ ఇతరుల మీద వదిలిపెట్టే మనిషి కాదు.

"ఏంది బావా, రాయి తీర్గ కూసున్నవు? మేక సచ్చినా మనిషి ఓ పూట బువ్వ మానుతడు."

"నేను తిన్ననా?"

"తింటివి. నేనే పెడితి."

"పెడితివి, గందుకే తిన్న."

దుఃఖం ఉందో లేదో సీతయ్యకే తెలియదు. పొద్దున్నే లేచేవాడు. ఎవరూ రాని గదులు ఊడ్చేవాడు. పొయ్యి మీద ఎసరు పెట్టి, ఎందుకు పెట్టాడో మరిచి, నీళ్ళన్నీ ఆవిరయ్యేదాకా చూస్తూ కూర్చునేవాడు. ఆవిరయ్యాక మళ్ళీ పోసేవాడు. బాగా అలవాటైన దారిలో బండి తోలేవాడు నిద్రపోయినా ఎద్దులు ఇంటికి పోయినట్టు, రోజులు వాటంతట అవే పోతున్నాయి.

చేయాల్సిన పని ఒక్కటి మాత్రం ఉందని అతనికి స్పష్టంగా తెలుసు. ఆ కోయగూడెంలో, చెట్టున కాసిన కొత్త మామిడికాయను పండుగ చేసి ముందు వేల్పుకూ పెద్దలకూ పెట్టేదాకా ఎవరూ కోయరు, తినరు. ఆ పండుగ పేరే కొత్తలు. ఇంట్లో ఆ ఏడు మనిషి పోతే మొదటి కాయ ఆ మనిషిదే. ఇంటివాడు తన చేత్తో కోసి పెట్టాలి. అది అయ్యాకే పోయిన మనిషి పెద్దల్లో కలిసినట్టు. అప్పటిదాకా, ఆఖరి బస్సు తప్పిపోయిన ప్రయాణికుడిలాగా, ఊరి బయట ఎక్కడో నిలబడి ఉన్నట్టు. ఇంటివాడు తొందరపడి ముందే ఇంకెవరికోసమో కాయ కోశాడంటే ఆమెకిచ్చే మొదటి కాయ ఇక ఉండదు. మళ్ళీ ఏడాది ఆగాలి.

పండుగ ఎప్పుడో చెప్పాల్సింది పూజారి పగిడయ్య. సీతయ్య పోయి అడిగాడు.

"వేంసూరు దిక్కు మిర్చి ఏర పోయినోళ్ళు రావాలె" అన్నాడు పగిడయ్య. "మంది లేకుంట పండుగేంది?"

"ఎన్నడొస్తరు?"

"మిర్చి ఒడిసినంక."

"ఎన్నడొడుస్తది?"

"వాళ్ళొస్తే ఒడిసినట్టు."

పంచాంగం ఇంతకన్నా తేటగా చెప్పదు కనుక సీతయ్య ఇంటికి తిరిగొచ్చాడు.

ఆ చైత్రంలోనే ఓవర్సియరు సైకిలు మీద వచ్చాడు.

"సీతయ్యా, బంగ్లా మూసేస్తున్నరు. మణుగూరుల కొత్త గెస్ట్‌హౌసులు పడ్డయి. కూలర్లున్నయి. ఇక్కడికెవడొస్తడు?"

"అవ్ సారు."

"అవ్ అనకు, జర భయపడు! నీ కొలువు పోతది, వెనక నువ్వుండే అర్ర పోతది. ఒక్కటే దారున్నది. సత్తుపల్లి వెంకటరామారావు గారు కిరాయికి తీసుకుంటనంటున్నరు. పాతకాలపు హోటల్ పెడతరట. పట్నపోళ్ళొచ్చి, కరెంటు బంద్ చేసుకొని, లాంతర్ల కింద కూసొని, పైసలిచ్చి పోతరట."

"మా గూడెంల అందరం లాంతర్ల కిందనే కూసుంటం గద సారు."

"అదే నేనూ అన్న. మనకు సమజ్‌గాదు తియ్యి. ఆయన మంగళవారం భార్యతోని వస్తుండు. ఏమడిగితే అది పెట్టు. ఖుష్ చేసి పంపు. లేకుంటే వైశాఖంల తాళమే."

వెంకటరామారావు గారి పెద్దలు కృష్ణా జిల్లా నుంచి పొగాకు నారుతో వచ్చి సత్తుపల్లిలో స్థిరపడ్డవారు. ఆయన రైసుమిల్లు దాకా ఎదిగారు. పెళ్ళైన కొత్తలో భార్య హైమను వెంటబెట్టుకొని ఈ బంగ్లాలో కొన్నాళ్ళున్నారు. జీవితంలో ఆయన మిల్లు చప్పుడు వినని రోజులు అవే కావడంతో, వాటికి క్రమంగా స్వర్గలక్షణాలు పట్టాయి. ఇప్పుడు అంబాసిడరు దిగి, అరుగు మెట్టు మీద ఒక కాలు పెట్టి, తీర్థానికి వచ్చినవాడిలా కళ్ళు మూసుకున్నారు.

"హైమా, చూశావా! అదే కుర్చీ! అదే పంకా!"

"అదే సాలెగూడు కూడానండీ."

"ఆ పెంకుల్లో సందు చూడు. అప్పుడూ అక్కడే కారేది."

"తెలుసు. ఆ పక్కన పడుకుంది నేను."

ఏ వస్తువు ఎంత చెడితే ఆయనకంత ఆనందం కలిగింది. తుప్పుపట్టిన గడియను నిమిరారు. బీటపడ్డ అద్దంలో జుట్టు దువ్వుకున్నారు. సీతయ్య నెరిసిన తల చూసి, అదీ సామానులో భాగమే అన్నంత తృప్తిగా భుజం తట్టారు.

"ఏం సీతయ్యా, బాగున్నావా? మధ్యాహ్నానికి మామిడికాయ పప్పు చెయ్యి. ఆనాడు చేశావే, అదే. ఖమ్మంలో తిన్నాను, బెజవాడలో తిన్నాను, ఆ పప్పు మళ్ళీ తగల్లేదు. ఆ పప్పు కుదిరిందా, హోటలు కుదిరినట్టే. కాయితాలు రేపే రాయించేస్తా."

"కొత్తలు కాలే దొరా."

"అంటే?"

సీతయ్య చెప్పాడు. పండుగ సంగతి చెప్పాడు గాని, ఆ ఏటి మొదటి కాయ ఎవరిదో చెప్పలేదు. వెంకటరామారావు గారు శ్రద్ధగా విన్నారు. పాత ఆచారం కనుక మురిసిపోయారు కూడా. హోటలు గోడ మీద రాయించవచ్చన్నారు.

"మరి ఆనాడు పెట్టావుగా?"

"నాడు కొత్తలైనంక వచ్చిండ్రు దొరా. చింతచిగురు పప్పు చేసి పెడత."

"చింతచిగురు తినడానికి సత్తుపల్లి నుంచి రావాలటయ్యా!"

డ్రైవరు పూల్‌సింగ్ తండావాడు. అందరి ఆచారాలకూ ఒక సందు ఉంటుందని నమ్మే మనిషి. "కాకా, మీ దేవునితోని నాకేం లొల్లి లేదు. కాయ నేను తెంపుత, ముక్కలు నేనే కోస్త. నువ్వు అటు తిరిగి పప్పుల ఎయ్యి. అయిపాయె."

"నా చేతకాదు బిడ్డా."

పూల్‌సింగ్ నమ్మకం తప్పు కాదని చూపించడానికా అన్నట్టు జంపక్క కూడా వచ్చింది. ఓవర్సియరు మాట ఆమె చెవిన పడింది. సీతయ్యను వంటింటి వెనక్కి తీసుకుపోయింది.

"కొయ్యి బావా. అక్క ఏమన్కోదు. అక్కుంటే ఇంతసేపు జేస్తుండెనా? నిన్ను తిట్టి, తనే కోసేది."

"కోసేది."

"మరేంది?"

"అది కోసేది. నేను కొయ్య."

"ఏడ్వమంటే ఏడ్వకపోతివి. కాయకాడికొచ్చేసరికి పట్టుబడితివా! కొలువు పోతే యాడుంటవు?"

"మీ పంచల."

"మా పంచల మేకలుంటయి."

"నేనూ ఉంట."

దీన్ని భక్తి అనడానికి ఆధారాలు చాలవు. ప్రేమ అందామంటే, ఆ మాట సీతయ్య నోట ఎవరూ విన్నది లేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కిన మనిషికి ఏ ఒక్క వేలో ఇంకా కదులుతుంటే, ఉన్న బలమంతా ఆ వేలిలోనే ఉంటుంది. అతని సంగతి అంతవరకే.

పూల్‌సింగ్ చెట్టెక్కి కాయలు తెంపుకొచ్చాడు. అవి పట్టుకొని హైమమ్మ వంటింట్లోకి వచ్చారు. ఒకసారి చుట్టూ చూశారు.

"ముత్తక్క ఏది సీతయ్యా?"

"పోయిందమ్మా. కార్తీకంల."

హైమమ్మ కాయలు పీట మీద పెట్టి, మళ్ళీ తీసి కొంగులో వేసుకున్నారు.

"ఆ పప్పు వండింది ఆమే కదా. ఆయనకి చెప్పలేదా?"

"అడగలే."

"నేనూ చెప్పలేదు. నాకు నేర్పిందీ ఆమే. ఎట్లా వండాలో మరిచిపోయా. పోపు పెడుతూ నవ్వేది, అదొక్కటే గుర్తుంది." కొంగులోని కాయలు చూసి, ముత్తక్క ఒకప్పుడు చెప్పిన ఆచారం తలుచుకొని అడిగారు. "ఈ ఏటి మొదటి కాయ ఆమెకేనా?"

"అవ్ అమ్మా."

"అయితే ఈ పొయ్యి మీద వద్దులే. బయట వండుకుంటాం."

సీతయ్య మూడు రాళ్ళు మోసుకొచ్చి చెట్టు కింద పేర్చి, కట్టెలు తెచ్చి, మంట రాజేశాడు. కాయను మాత్రం చూడలేదు. రాళ్ళ పొయ్యి చూసి వెంకటరామారావు గారి ఆనందానికి మేర లేకపోయింది. హోటల్లో ప్రతి అతిథికీ మూడు రాళ్ళివ్వాలని అప్పటికప్పుడు నిశ్చయించారు. హైమమ్మ పొగకు కళ్ళు తుడుచుకుంటూ పప్పు దించారు. ఆయన పడక కుర్చీ అరుగు మీదికి వేయించుకొని, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకొని, చాలాసేపు నమిలారు. తీర్పు కోసం అడవి కూడా ఆగినట్టుంది.

"ఇది కాదు" అన్నారు.

ఇంకో ముద్ద తిన్నారు. "బాగుంది. కానీ ఇది కాదు."

"అది వండిన మనిషి పోయిందండీ" అన్నారు హైమమ్మ.

"అదేగా నేనంటున్నది! పాత మనుషులు పోయారు, పాత నీళ్ళు పోయాయి. ఇదిగో, ఇతని చెయ్యి కూడా పోయింది. అందుకే కాయ సాకు చెప్పి తప్పించుకున్నాడు, పాపం." ఆయన సీతయ్య చేతుల వైపు నిజంగానే జాలిగా చూశారు. "అంతేనా సీతయ్యా?"

హైమమ్మ ఏదో అనబోయారు. సీతయ్య ఆమె గ్లాసులో నీళ్ళు పోశాడు.

"అవ్ దొరా" అన్నాడు.

కాయితాలు రాయించలేదు. రుచి లేని చోట హోటలెందుకన్నారు వెంకటరామారావు గారు. కానీ వట్టి చేతులతో పోవడానికి మనసొప్పక, ఓవర్సియరుతో మాట్లాడి, పడక కుర్చీని జ్ఞాపకార్థం అడిగి తీసుకున్నారు. పూల్‌సింగ్ దాన్ని కారు మీద తాళ్ళతో బిగించాడు. కుర్చీ నాలుగు కాళ్ళూ ఆకాశానికి చాపుకొని, వచ్చినప్పటికన్నా ఠీవిగా వెళ్ళిపోయింది. తర్వాత సత్తుపల్లిలో వెలసిన లాడ్జి ముందు గదిలో దాన్ని ఉంచి, ఎవరూ కూర్చోకుండా చుట్టూ తాడు కట్టారని పూల్‌సింగే చెప్పాడు.

ఓవర్సియరు కోప్పడ్డాడు. "ఒక్క కాయ కోస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. దానికి 'అవ్' అని జవాబు కుదరదు కనుక సీతయ్య ఊరుకున్నాడు. వైశాఖం దాకా కూడా ఆగలేదు. తాళం పడింది. సీతయ్య చాపా చెంబూ పట్టుకొని జంపక్క ఇంటి పంచలోకి మారాడు. మేకలు అభ్యంతరం చెప్పలేదు.

మిర్చి ఒడిసింది. పోయినవాళ్ళు చేతివేళ్ళు మండుతూ, ముఖాలు నల్లబడి తిరిగొచ్చారు. కొత్తలు జరిగాయి. డోలు మోగింది, పగిడయ్య వేల్పుకు చేయాల్సినదంతా చేసి, పోయినవాళ్ళ పేర నిలిపిన పెద్దల రాయి దగ్గరికి సీతయ్యను పిలిచాడు. ఇప్పుడైనా ఏడుస్తాడేమోనని ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు.

సీతయ్య కాయ కోశాడు. లేత టెంక కత్తికి రెండుగా తెగింది. ముక్కలు ఆకులో పెట్టి, ఇప్పసారా చుక్కలు చల్లి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని కూర్చున్నాడు. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"ఊకె కూసుంటివేంది? ఓ మాట చెప్పు దానికి" అన్నాడు పగిడయ్య.

సీతయ్య ఆలోచించాడు. చెప్పాల్సిన సంగతి ఒక్కటే తోచింది.

"బంగ్లా మూసిండ్రు" అన్నాడు రాయితో. "ఇగ నువ్వు తెల్లారగట్ల లేసే పనిలేదు."

ఎవరో ముక్కు చీదారు. అది సీతయ్య కాదు.

తర్వాత ఆకు అందరి మధ్య తిరిగింది. జంపక్క ఒక ముక్క నోట్లో వేసుకొని, పులుపుకు ఒక కన్ను మూసింది.

"జర ఉప్పు తేరాదు బావా" అన్నది.

సీతయ్య ఉప్పు కోసం లేచాడు.