గంగాళంలో నానబెట్టిన సిమెంటు

మా అక్కను చేసుకున్న బావ మీద నాకు కోపం లేదంటే నమ్మేవాళ్లు నమ్మవచ్చు. ఆ సిమెంటు సంగతి మాత్రం నేను మరచిపోను.

అరవైల మొదట్లో వరంగల్ బజారులో బట్టల దుకాణం పెట్టుకుంటూ, దసరాకు ముందే నేలకు సిమెంటు వేయించాలని పట్టుబట్టాను. మట్టి నేల మీద గుడ్డ తాను విప్పితే తెల్లబట్ట ఎర్రబడుతుంది. సిమెంటుకు సర్కారు పర్మిట్ కోసం నెలల తరబడి తిరిగితే ఒక్క బస్తా దొరికింది. మేస్త్రీ మర్నాడు పొద్దున వస్తానన్నాడు.

బావ సాయానికి వచ్చాడు. ఆయన సున్నంతో ఇల్లు కట్టించినవాడు. సున్నాన్ని గుంటలో ఎంత నానబెడితే అంత మెత్తనవుతుంది. ఆయనకు తెలిసిన శాస్త్రం అదే. సాయంత్రం నేను బయటికి వెళ్లి వచ్చేసరికి బస్తా మొత్తం మా అమ్మ గంగాళంలో కుమ్మరించి, నీళ్లు పోసి కలియబెడుతున్నాడు.

"ఏం జేత్తాన్నవ్ బావా? నీళ్లు తగిలినంక సిమెంటు ఆగదట!"

"నానకుంటె ఎట్ల పట్టుకుంటది బామ్మర్దీ? పొద్దుగాల జూడు, వెన్న లెక్కుంటది. నీకు జర ఓపిక లేదు."

పొద్దున పార తగిలిస్తే ఖంగుమంది. మేస్త్రీ చూసి, నుదురు కొట్టుకుని, మరో పనికి వెళ్లిపోయాడు. బావ మాత్రం కుంగలేదు. "నీళ్లు సాలలే" అని ఇంకో బిందె పోశాడు. ఇక దారిన పోయేవాళ్లంతా వైద్యులే. పక్క దుకాణమాయన వేడినీళ్లు పొయ్యమన్నాడు. ఎండకు బిగుసుకుంటోందేమోనని మా అక్క తడి గోనెపట్టా కప్పింది. నీళ్లు తాగేకొద్దీ అది ఇంకా గట్టిపడింది. సిమెంటు బిగిసేది ఎండకు కాదు, నీళ్లతోనే అని అమ్మినవాళ్ల దగ్గర విన్నది విన్నట్టు అరిచి చెప్పాను.

"నీళ్లు పోత్తె ఏదన్న గట్టిపడ్తదా? దుకాన్ పెట్టెటోనివి, జర సోచాయించు" అన్నాడు బావ. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

చివరికి గంగాళాన్ని సమ్మెటతో చీల్చవలసి వచ్చింది. అమ్మ చాలా రోజులు మాట్లాడలేదు. బావతో కాదు, నాతో. బావకు పాయసం పెట్టింది.

దసరా నాడు మట్టి నేల మీదే జంపఖానా పరచి దుకాణం తెరిచాను. మొదటి బేరంలోనే తెల్లధోవతి అంచుకు ఎర్రమట్టి అంటింది. గంగాళం ఆకారంలో ఊడివచ్చిన సిమెంటు రాయిని దుకాణం ముందుకు దొర్లించి, బావ దాని మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. వచ్చిన ప్రతివాడూ బట్టలు చూడకుండా ముందు దాన్నే తట్టి చూశాడు.

"మస్తు గట్టిగున్నది. ఎవలు జేసిన్రు?"

"నేనే" అన్నాడు బావ. "మా బామ్మర్దికి తెల్వది గని, మంచిగ నానబెట్టాలె."