పోయిన వేసవికి దారి

కరోనా తర్వాత కాలేజీలు తెరిచిన ఏడాది నన్ను నూజివీడు ప్రాంతంలోని ఒక జూనియర్ కాలేజీకి ఫిజిక్స్ లెక్చరర్‌గా బదిలీ చేశారు. నా సర్వీసులో అదే చివరి పోస్టింగు. అక్కడ జరిగిన ఒక సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

సైన్స్ దినోత్సవానికి ప్రిన్సిపాల్ గారు ఒక కోచింగ్ సంస్థ నుంచి వక్తను పిలిచారు. ఆయన తెర మీద రంగుల బొమ్మలు చూపిస్తూ, కాలంలో వెనక్కి వెళ్లవచ్చని భౌతికశాస్త్రం నిరూపించేసిందనీ, ఇక యంత్రం తయారుచేయడమే మిగిలిందనీ చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పుడు రెండో సంవత్సరం చదివే సునీత లేచింది. ముసునూరు అమ్మాయి. వాళ్లమ్మ మామిడి తోటల్లో కూలికి వెళ్తుంది. అన్న అంతకుముందు వేసవిలో హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ గుద్ది చనిపోయాడు.

"పోయిన వేసవికి వెళ్లొచ్చాండీ? మా అన్నని ఆ రోజు బండి తీయకుండా ఆపొచ్చా?"

"ఎందుకు కుదరదమ్మా! బాగా చదువు, ఆ మెషీన్ నువ్వే కనిపెడతావు," అన్నారాయన నవ్వుతూ.

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను. వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుందని ప్రయోగాల్లో తేలింది కాబట్టి, మహావేగంతో తిరిగి వచ్చినవాడు భవిష్యత్తులో దిగుతాడన్నంతవరకు నిజమేనని చెప్పాను. వెనక్కి వెళ్లడానికి సమీకరణాల్లో సొరంగం లాంటి దారి ఒకటి కనిపిస్తుంది గానీ, దాన్ని మూసుకుపోకుండా నిలబెట్టే పదార్థం కావలసినంత దొరుకుతుందన్న ఆధారం లేదు. ఒకవేళ కట్టగలిగినా, అది తయారైన రోజు కంటే వెనక్కి దాంట్లో వెళ్లలేం.

"పోయిన వేసవిలో ఆ యంత్రం లేదు కదండీ. మరి ఈ అమ్మాయి ఎలా వెళ్తుంది?" అని అడిగాను.

"పిల్లల్ని డిస్కరేజ్ చేయకండి మేడమ్," అన్నారు ఆ వక్త.

అతిథిని అవమానించానంటూ సాయంత్రానికల్లా మెమో వచ్చింది, అంటే సంజాయిషీ కోరే నోటీసు. నా మాటల్లో తప్పేదో చూపించమని రాసిచ్చాను. ఎవరూ చూపించలేదు.

మర్నాడు సునీత కాలేజీకి రాలేదు. తర్వాత వచ్చినప్పుడు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది.

"ఆ సార్ చెప్పింది అమ్మకి చెప్పేశానండీ. మీరన్నది చెప్పలేకపోయా. అన్న వస్తాడని అమ్మ అందరికీ చెప్తోంది. మీరొచ్చి చెప్తారా మేడమ్?"

వెళ్లాను. తోట పని నుంచి అప్పుడే వచ్చిన ఆ తల్లి నేను చెప్పిందంతా నిలబడే విన్నది.

"మరి ఆ సారు అంత పెద్ద చదువు చదివి అట్టా ఎందుకు చెప్పాడండీ?" అంది చివరికి.

ఆయన చెప్పింది తప్పని మాత్రం మళ్లీ చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి ఏడ్చింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మా కాలేజీకి ఏ వక్త వచ్చినా ఏం చెప్పబోతున్నారో ముందుగా సైన్స్ లెక్చరర్లకు చూపించాలని పట్టుబట్టాను. శాస్త్రం పేరుతో అన్న మాట హాల్లోనే ఆగిపోదు, ఇళ్లదాకా వెళ్తుంది. నమ్మినవాళ్ల ఎదుట నిలబడి దాన్ని సరిదిద్దడానికి, ఆ మాట అన్న మనిషి మాత్రం రాడు.