జీపు నంబరుకు వేసిన అతుకు

వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు వచ్చిన మరుసటి ఏడాది, మే నెల చివర, నన్ను అడవి సరిహద్దు మండలాలు చూసే రవాణా కార్యాలయానికి మోటారు వాహనాల తనిఖీ అధికారిగా వేశారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. అంతకుముందు చాలాకాలం వైరా వైపు పనిచేశాను. అక్కడ మా ముందుకు వచ్చేవి ఎక్కువగా ట్రాక్టర్లు, వరికోత మిషన్లు. ఇక్కడ బొగ్గు లారీలు, వాటి మధ్య అప్పుడప్పుడు పుట్టిన సంవత్సరం యజమానికే తెలియని జీపులు.

బ్రేకు తొక్కి, హారన్ కొట్టి, సంతకం పెట్టడమే మా ఉద్యోగమని బయట ఒక అభిప్రాయం ఉంది. నిజానికి తనిఖీ అధికారి మొదట తేల్చవలసింది బండి బాగుందా లేదా అని కాదు, ఇది ఆ బండేనా అని. ఆర్.సి.లో ఒక చాసిస్ నంబరు ఉంటుంది. బండిని మోసే ఇనుప చట్రం మీద అదే నంబరు ఫ్యాక్టరీలో గుద్దిన అంకెల్లో ఉంటుంది. ఆ అంకెల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తాం, ఆ అచ్చును ఫారానికి అంటిస్తాం. అనుమతితో ఇంజను మార్చుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు. చట్రం మీది నంబరు మాత్రం బండికి పేరు లాంటిది, దాన్ని ముట్టుకోకూడదు.

జూన్ మొదటి వారంలో కనకయ్య జీపు వచ్చింది. ఆయన బొగ్గు గనుల్లో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి, ములకలపల్లి దగ్గర ఉంటాడు. జీపుకు యాభై ఏళ్లు దాటాయి. దాన్ని నడుపుకుంటూ వచ్చింది ఆయన కూతురు స్వరూప. ఆమె వాగు అవతలి గూడేలకు ఏఎన్ఎం, అంటే ఊరూరా తిరిగి టీకాలు వేసే నర్సు. జీపును వింటేజ్ వాహనంగా గుర్తించమని దరఖాస్తు.

బండిని చూడగానే నాకు నవ్వొచ్చింది. పాత పెట్రోలు ఇంజను ఎప్పుడో పోయింది, దాని స్థానంలో డీజిలు ఇంజను ఉంది. ఆ మార్పు అప్పట్లోనే ఆర్.సి.లోకి ఎక్కింది కాబట్టి గొడవ లేదు. వెనక భాగాన్ని మాత్రం మూరెడు పొడిగించి, రెండు బెంచీలు బిగించారు. పైన ఇనుప పైపుల గూడు. వింటేజ్ హోదా కావాలంటే యాభై ఏళ్లు నిండితే చాలదు, చట్రం, బాడీ, ఇంజను పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. పైగా అలాంటి బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనకో ర్యాలీకో తీసుకుపోవాలి, మిగతా రోజులు షెడ్డులో పెట్టుకుని తుడుచుకోవాలి.

ఈ సలహా ఎవరిచ్చారని అడిగాను. రిజిస్ట్రేషన్ గడువు అయిపోతే నెట్ సెంటర్ అతను చెప్పాడట, వింటేజ్ అని పెడితే ఏ మార్పు గురించీ అడగరని.

"రోజు నడపొద్దంటే మాకెందుకు సార్ గది?" అంది స్వరూప. "వానలు పడ్డయంటే వాగు దాటేది గీ జీపు ఒక్కటే. టీకాల డబ్బా నెత్తిన పెట్టుకొని ఈదమంటరా?"

ఆ దరఖాస్తు వెనక్కి తీసుకుని మామూలు రెన్యువల్‌కు పెట్టుకున్నారు. రెన్యువల్ అంటే తనిఖీ. నేను జీపు కిందికి దూరి, బురద తుడిచి, నంబరు చూశాను. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ ఆ అంకెలున్న ఇనుప ముక్క చుట్టూ అరచేయంత మేర వెల్డింగు గీత కనిపించింది. అంటే నంబరు ఒకచోటి నుంచి కోసి తెచ్చి, ఇంకోచోట అతికించినది. అయిదేళ్ల కిందట రెన్యువల్ చేసినవారు రంగు కింద దాన్ని చూసి ఉండరు. దొంగ బండ్లకు పేరు మార్చేది సరిగ్గా ఇలాగే. అలాంటిది కంటబడితే బండిని ఆపి పోలీసులకు రాయాలి.

నేను దాపరికం లేకుండా చెప్పాను. జీపు మా ఆవరణలోనే ఉంటుంది, రెన్యువల్ తిరస్కరించడమైనది. కాగితం మీద కూడా అంతే రాశాను. స్వరూప ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది, వెనక్కి తిప్పి కూడా చూసింది.

"కుదరదని రాసిండ్రు, మంచిది. ఏం జేస్తే కుదురుతదో గది గూడ రాయండి సార్. అప్పటిదాంక నేను ఈడికెల్లి కదల."

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్ల సర్వీసులో నా ఉత్తర్వు ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు. అయినా ఆమె మెట్ల మీద కూర్చుంది, నేను కనకయ్యను లోపలికి పిలిచాను. ఆయన ఏదీ దాచలేదు. ఎనిమిదేళ్ల కిందట వాగులో బండకు కొట్టుకుని చట్రం ముందు కమ్మీ విరిగింది. అతుకుదామంటే అప్పటికే తుప్పు తినేసింది. కొత్త కమ్మీ వేశాడు. పాత కమ్మీలో నంబరున్న ముక్కను గ్యాస్ కట్టర్‌తో కోసి, కొత్తదానిలో అంతే కన్నం చేసి అందులో కూర్చోబెట్టాడు.

"బండి పేరు పోవద్దని జేసిన సార్," అన్నాడు.

ఆయన పాపం అనుకున్నది పేరు పోగొట్టడం. చట్టం నేరమంటున్నది ఆ పేరును ముట్టుకోవడం. పాత కమ్మీ ఏమైందని అడిగాను, పాత ఇనుములో అమ్మేశానంటాడని అనుకుంటూనే.

"బడిల ఉంది సార్. గంట జేసి ఏలాడగట్టినం."

పోలీసులకు రాయబోతున్న ఉత్తరం పక్కన పెట్టాను. మా డీటీఓ గారు, అంటే జిల్లా రవాణా అధికారి, విని నవ్వారు. బడిగంటను సాక్ష్యంగా పెడతావా అన్నారు. పెడతానన్నాను. అప్పటికి నాకు కనకయ్య మీద నమ్మకం కంటే పట్టుదలే ఎక్కువ ఉంది. ఈ బండి ఆ బండేనా అన్న ప్రశ్నకు జవాబు దొరికే చోటుందని తెలిశాక వెళ్లకుండా సంతకం పెట్టడం చేతకాదు.

మరునాడు పొద్దున్నే కనకయ్యను, స్వరూపను వెంటబెట్టుకుని వాగు దాకా కారులో, అక్కడి నుంచి ప్యాంటు మడుచుకుని నడిచి వెళ్లాను. తొలి వానకు నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. బడి వరండాలో దూలానికి వేలాడుతూ కనిపించింది కమ్మీ, కొట్టీ కొట్టీ ఒకవైపు నున్నగా అయింది. దాని మధ్యలో అరచేయంత కన్నం. కన్నం కింది మూలలో కట్టర్ జారి, చిన్న పన్నులా ఇనుము మిగిలిపోయింది. జేబులోంచి కాగితం తీసి కన్నం అంచుల వెంట పెన్సిలుతో అచ్చు తీశాను. జీపు మీది అతుకుకు ముందురోజు తీసిన అచ్చును దాని మీద పెట్టాను. మూలలో పన్ను ఉన్నచోట అతుకులో సరిగ్గా అంతే నొక్కు. ఆఫీసు నుంచి వెంట తెచ్చిన పాత ఫైలులో, మొదటి రిజిస్ట్రేషన్ నాటి పెన్సిల్ అచ్చులో ఏడంకె కొంచెం పక్కకు ఒరిగి ఉంది. అతుకు మీదా అలాగే ఒరిగింది. పంచనామా రాసి, బడి పంతులు గారి చేత సంతకం పెట్టించాను. గంటను తీసుకుపోతారేమోనని ఆయన భయపడ్డారు, అవసరం లేదని చెప్పాను.

తిరుగు దారిలో వాగు ఒడ్డున కనకయ్యను గట్టిగానే కేకలేశాను. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నావన్నాను. ఒక్క అర్జీ పెట్టుకుంటే కమ్మీ మార్చుకునే అనుమతి వచ్చేది, కొత్త కమ్మీ మీద మా ఎదుటే నంబరు గుద్దించుకునేవాడు. ఇంత పని తెలిసినవాడివి, ముందే ఆఫీసుకు వచ్చి ఎందుకు అడగలేదన్నాను.

కనకయ్య చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ల వైపు చూస్తున్నాడు.

"వచ్చిండు సార్," అంది స్వరూప. "కమ్మీ ఇరిగింది, మార్చుకోవచ్చా అని అడిగిండు. కుదరదు పో అన్నరంట."

"ఎవరన్నారు?"

"వద్దు బిడ్డా," అన్నాడు కనకయ్య.

"మీరే సార్."

ఎనిమిదేళ్ల కిందట నేను వైరా వైపు పనిచేస్తూ, ఈ కార్యాలయానికి కొన్ని నెలలు ఇన్‌చార్జిగా వారానికి రెండు రోజులు వచ్చేవాణ్ణి. ఎంత తలచుకున్నా కనకయ్య ముఖం గుర్తుకు రాలేదు. నిజమేనా అని ఆయననే అడిగాను.

"అవ్ సార్. ఆ రోజు మస్తు లైనుండె. మీరు గూడ ఏం జేస్తరు?"

ఆ మనిషి నన్ను వెనకేసుకొస్తుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ మాట నేను అని ఉంటాను. లైను పెద్దగా ఉన్నప్పుడు నేను అనే మాట అదే.

ఆఫీసుకు వచ్చి రిపోర్టు మళ్లీ రాశాను. రెండు అచ్చులూ, పాత ఫైలులోని అచ్చూ, పంచనామా జతచేశాను. దొంగతనం జాడ లేదని, మరమ్మతు అనుమతి లేకుండా జరిగిందని రాశాను. దరఖాస్తుదారు అప్పట్లోనే కార్యాలయానికి వచ్చి అడిగితే ఇన్‌చార్జి అధికారి, అంటే నేను, పద్ధతి చెప్పకుండా పంపించానని కూడా రాశాను. ఆ ఒక్క వాక్యం తీసెయ్యమని డీటీఓ గారు రెండుసార్లు చెప్పారు. రిటైర్మెంటు ముందు మెమో ఎందుకు తెచ్చుకుంటావన్నారు. తీయలేదు. మెమో రానే వచ్చింది, జవాబిచ్చాను.

అలాగని జీపును ఊరికే వదలలేదు. పొడిగించిన మూరెడూ కోయించాను, బెంచీలు పీకించాను. ఆర్.సి.లో లేని సీట్లు బండిలో ఉండకూడదు. ఇది విని స్వరూపకు కోపం వచ్చింది. జరమొచ్చినోళ్లను ఏడ పండబెట్టాలె అని అడిగింది. రోగులను మోయాలంటే అంబులెన్సు అనుమతి వేరే ఉందని, దానికి ఈ జీపు పనికిరాదని చెప్పాను. ఆమె ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నేనూ ఆ విషయంలో తగ్గలేదు.

జూన్ మూడో వారంలో అనుమతి వచ్చింది. వర్క్‌షాపులో నా ఎదుట, కొత్త కమ్మీ మీద అదే నంబరును ఒక్కో అంకె గుద్దించాం. సుత్తి కనకయ్యే పట్టుకుంటానన్నాడు, పట్టుకోనివ్వలేదు, అది మేము నియమించిన మనిషే చేయాలి. సంగతంతా ఆర్.సి.లో ఒక వరుసగా ఎక్కింది. వారం తర్వాత వాగు పొంగింది. మూరెడు కురచైన జీపులో స్వరూప టీకాల డబ్బాతో అవతలికి వెళ్లిందని ములకలపల్లి నుంచి వచ్చిన ఒక డ్రైవరు చెప్పాడు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఒకటే. అధికారి కుదరదు అన్నంత మాత్రాన పని ఆగిపోదు, ఆఫీసు చూడని చోట, ఎవరికి తోచిన పద్ధతిలో వాళ్లు చేసుకుంటారు. మిగిలిన రెండేళ్లూ నా తిరస్కరణ కాగితాల అడుగున ఒక పేరా అదనంగా ఉండేది. ఏ ఫారం పెట్టాలి, ఎవరి అనుమతి తీసుకోవాలి, ఏం సరిచేసుకుని రావాలి అని. దీనివల్ల లైను కదలడం లేదని గుమాస్తాలు సణిగేవారు. వాళ్లన్నది నిజమే, కదిలేది కాదు. ఆ పేరా కనకయ్యకు నేను ఎనిమిదేళ్ల ముందు చెప్పవలసిన జవాబు.