నోరు తెరువు, బేటా

ఖలీల్ సార్ మనుషులను ముఖం చూసి కాదు, పళ్లు చూసి గుర్తుపడతాడు. మా హైస్కూలులో ఆయన పీఈటీ సార్. ఆటల పోటీలకు ఎవరి పేరు చెప్పినా ఆయన మొదటి మాట ఒకటే: "నోరు తెరువు, బేటా."

కారణం లేకపోలేదు. మా బడిలో సగం మంది జూన్‌లోనే పుట్టారు. బడిలో వేసే రోజు తల్లిదండ్రులకు పుట్టిన తేదీ గుర్తుండదు. ఎదుట ఉన్న నెలనే పంతులు రాసేస్తాడు, ఏడాది కాస్త అటో ఇటో. పదిహేడేళ్ల లోపు పోటీల్లో వయసు దాటినవాళ్లు దొరికితే జట్టు మొత్తానికీ నిషేధం. అందుకే సార్ కాగితాన్ని నమ్మడు. దవడ చివర జ్ఞానదంతం తొంగిచూస్తోందేమో వెతుకుతాడు. అప్పటికీ అనుమానం తీరకపోతే ఇంటికి వెళ్లి అవ్వను అడుగుతాడు: "ఈ పిల్ల పుట్టినప్పటికి మీ బోరు పడ్డదా, పడలేదా?"

గ్రౌండు దాటినా ఆ అలవాటు పోదు. ఒకరోజు జనగామ బస్సులో ఒక తల్లి కండక్టరుతో, "ఇంక అయిదు నిండలె వీనికి," అంటోంది. వెనక సీటులోంచి సార్ ముందుకు వంగాడు.

"నోరు తెరువు, బేటా."

పిల్లాడు బుద్ధిగా తెరిచాడు.

"కింది పన్ను ఊడింది. ఆరు నిండినయ్. టికెట్ కొట్టు."

"నీ పని నువ్వు చూస్కోరాదు, అన్నా?" అంది తల్లి.

"గిదే నా పని, అక్కా."

ఆ రోజు నుంచి బస్సులో ఆయన పక్కన ఎవరూ కూర్చోరు. కిటికీ అవతల పత్తిచేలు, ఇవతల ఆయన, ఆయన పక్కన ఒక మనిషి పట్టేంత గాలి.

పోటీలకు వచ్చే మిగతా పీఈటీలు గుంపుగా టీ తాగుతుంటారు. ఈయన రాగానే నోళ్లు మూసుకుంటారు. మధ్యాహ్నం పూట ఆటసామాను గదిలో, గాలి పోయిన వాలీబాళ్ల మధ్య, ఆయన ఒక్కడే టిఫిన్ డబ్బా విప్పుతాడు.

"పెళ్లెందుకు చేసుకోలేదు, సార్?" అని ఒకసారి అడిగాను.

"నా కేసు నేనే చూస్కున్న, రేణుక మేడం. ఏజ్ దాటింది. రిజెక్ట్ చేసిన."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయన నవ్వడం బడిలో ఎవరూ చూడలేదు.

మా బడికి ఇంకో శాపం ఉంది. ఏటా పోటీల ముందు మా మంచి ఆటగాళ్లలో ఎవరో ఒకరి కాలు బెణుకుతుంది. హెడ్మాస్టర్ గట్టయ్య సార్ గ్రౌండుకు దిష్టి తగిలిందని గేటుకు గుమ్మడికాయ కట్టించాడు. అయినా కాళ్లు బెణుకుతూనే ఉన్నాయి.

ఈ ఏడు రామి వంతు. ఖోఖోలో ఆ తండా పిల్ల మలుపు తిరిగితే ఆమె నీడ కూడా తడబడేది. జిల్లా పోటీలకు ముందు రోజు కుడికాలికి కట్టుతో కుంటుతూ వచ్చింది. జట్టు పిల్లలు ఏడ్చారు. వంటామె పసుపు నూరి తెచ్చింది.

మర్నాడు మైదానంలో రామి నా పక్కన కూర్చుంది. మావాళ్లు మొదటి పాయింటు తేగానే ఎగిరి గంతేసింది. అప్పుడు చూశాను. కట్టు ఎడమకాలికి ఉంది.

"నిన్న కుడికాలు గదా, రామీ?"

రామి తన రెండు కాళ్లనూ కొత్తగా చూసుకుంది. "తానం చేసి మర్చిపోయి కట్టిన, మేడం." గొంతు తగ్గించింది. "తమ్ముని ఆడిచ్చుకుంట ఇంట్లనే ఉండి బడిల లేటుగ చేరిన. ఏజ్ దాటిందంట. సారే కట్టు కట్టిండు. ఎవ్వరికి చెప్పకన్నడు."

అంతలో పక్క కోర్టులో మైకు గరగరలాడింది. ఒక పిల్ల పేరు, ఊరు, వయసు ఎక్కువన్న మాట మైదానమంతా వినిపించాయి. ఆమె జట్టంతా బ్యాగులు సర్దుకుంటుంటే, ఆ పిల్ల ఎండలో జెర్సీ అంచు కొరుకుతూ నిలబడిపోయింది. రామి అరవడం మానేసి తన కట్టును బిగించుకుంది.

సాయంత్రం సార్‌ను నిలదీశాను. "అంటే ఇన్నేళ్లూ అబద్ధాలేనా?"

"ఏజ్ ఎక్కువని తీసేస్తే పిల్లను దొంగ అంటరు, మేడం. కాలు బెణికిందంటే పసుపు తెస్తరు." గంభీరంగా ఈల జేబులో వేసుకున్నాడు. "బెణుకు మీద రూల్ బుక్కుల ఏ రూలూ లేదు."

తర్వాతి వారం ఉపాధ్యాయుల ఆటలు. యాభై దాటినవాళ్ల నడక పోటీకి మాకు ఒకరు తక్కువయ్యారు. గట్టయ్య సార్ ఆటసామాను గదికి నడిచి వెళ్లి, "మీరు రావాలె, ఖలీల్ సార్," అన్నాడు. ఆయనను ఒక జట్టులోకి ఎవరైనా పిలవడం నేనెప్పుడూ వినలేదు. ఆయన కళ్లలో ఏదో దీపం వెలిగి, వెంటనే వణికింది. యాభైకి ఆయనకింకా రెండు నెలలున్నాయి.

"ఎవరు చూస్తరు, సార్?" అన్నాన్నేను.

"వస్త," అన్నాడు మెల్లగా.

వచ్చాడు. కుంటుతూ, కాలికి కట్టుతో.

"నిన్న మంచిగనే ఉంటిరి గదా," అని గట్టయ్య సార్ తల పట్టుకున్నాడు. ఒకరు కుర్చీ వేశారు. ఒకరు టీ తెచ్చారు. ఇంకొకరు ఆ కాలిని తన ఒళ్లో పెట్టుకున్నారు. ఆయన చుట్టూ మనుషులు చేరారు.

ఆటలు చూడటానికి వచ్చిన రామి ఆ కట్టును చూసింది, నన్ను చూసింది, చేతులు నడుముకు పెట్టుకుంది.

"నోరు తెరువుండ్రి, సార్."

ఖలీల్ సార్ పళ్లు నేను చూడటం అదే మొదటిసారి. కొంచెం ఎగుడుదిగుడుగా, పాన్ మరకలతో, చాలా బాగున్నాయి.